తాళం వేసిన ఇంటి కరెంటు

ఆదివారం ఉదయం చర్చిలో సంఘంవాళ్లందరితో కలిసి నిలబడి, మాకు బాకీపడ్డవాళ్లను మేము వదిలేస్తాం, మా బాకీలు నువ్వు వదిలెయ్యి తండ్రీ అని వేడుకునేవాణ్ణి. సోమవారం ఉదయం నిచ్చెన భుజాన పెట్టుకుని, బిల్లు కట్టని ఇళ్ల ఫ్యూజులు తీయడానికి బయలుదేరేవాణ్ణి. కరెంటు శాఖలో నా ఉద్యోగమంతా ఈ రెండు ఉదయాల మధ్యే నడిచింది. బోథ్‌లో జూనియర్ లైన్‌మన్‌గా చేరి, కరీంనగర్‌లో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి రాయడానికేమీ లేదు. వయసు వచ్చినట్టే అవీ వచ్చాయి.

మా సంఘంలో ఇద్దరికి ఈమధ్య లైన్‌మన్ ఉద్యోగాలు దొరికాయి. అందులో ఒకరు ఆడపిల్ల. ఆ వయసులో నేను ఎక్కినదానికంటే చులాగ్గా స్తంభం ఎక్కుతుంది. స్తంభం ఎక్కడం, లైన్ క్లియర్ తీసుకోవడం వాళ్లకు శిక్షణలో నేర్పారు. తలుపు తట్టి బాకీ అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ప్రార్థన కూటం అయ్యాక ఆ అమ్మాయి నన్ను అడిగింది: "అంకుల్, కిరాయికున్నోళ్లు బిల్లు కట్టకుండ పోతే ఎవలను అడగాలె?" సూటిగా జవాబు చెప్పాను. ఇంటికి వచ్చాక నేను చెప్పింది సగం జవాబే అనిపించింది. మిగతా సగం వాళ్లిద్దరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

బాకీ ఎవరిది

ఆ అమ్మాయికి చెప్పిన సగం ఇది. శాఖ మనిషిని చూడదు, సర్వీసు నంబరును చూస్తుంది. ఆ నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్లు, అంటే ఇంటి యజమాని, కట్టాలి. కిరాయికున్న మనిషి దగ్గర ఆయన వసూలు చేసుకుంటాడా లేదా అనేది వాళ్లిద్దరి సంగతి. కట్టకపోతే మనం ఫ్యూజు తీస్తాం.

ఇది కాగితం మీద బాగానే ఉంటుంది. గేటు ముందు నిలబడి చెప్పాలంటేనే కష్టం. యజమాని, "నేను కాల్చిన్నా కరెంటు?" అంటాడు. కొత్తగా దిగినవాళ్లు, "మేం వచ్చి వారం గాలే, గా పాతోళ్ల బిల్లు మా నెత్తిన ఏస్తరా?" అంటారు. అక్కడ లేనిది ఆ పాత కిరాయిదారు ఒక్కడే. అందుకని అందరం కలిసి అతణ్ణే తిడతాం. మనమూ తిడతాం. ఎదురుగా లేని మనిషిని దొంగ అనడానికి ఖర్చేమీ ఉండదు.

నిజంగా ఎగ్గొట్టిపోయినవాళ్లు లేరని నేను చెప్పను. వేసవంతా రెండు ఏసీలు నడిపి, ఇల్లుగలాయనతో అన్నా అన్నా అంటూ తిరిగి, వాన పడగానే చెప్పాపెట్టకుండా పోయినవాళ్లను చూశాను. కాని ముందే దొంగ అని నిశ్చయించుకుని గేటు తీస్తే, మీకు గేటు లోపల కనపడాల్సినవి కనపడవు.

నాకు ఉద్యోగం కొత్తల్లో ఒక ఇంజనీరు ఉండేవాడు. మేము తీసిన ఫ్యూజులన్నీ సంచిలో వేసుకొచ్చి సాయంత్రం ఆయన బల్ల మీద బోర్లించాలి. పింగాణీ ఫ్యూజులు దొర్లిన ఆ చప్పుడు వింటే ఆయనకు సంతోషం. సంచి నిండుగా ఉంటే అందరికీ టీ చెప్పేవాడు. ఆ టీ నేనూ తాగాను. ఆయన చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి ఉండేది. కాని ఆ బల్ల మీద పడ్డ ఫ్యూజుల్లో ఏది ఏ ఇంటిదో ఆయనకు ఎన్నడూ అక్కర్లేకపోయింది.

చివరి ఏళ్లలో నా మీద అధికారిగా వచ్చిన మేడం నా కూతురి వయసుది. పేరు రాయను, ఆమె ఇంకా ఉద్యోగంలో ఉంది. ఆమె మాటలో మెత్తదనం తక్కువ. మొదటి రోజే నాతో అంది: "దేవదానం గారూ, మీరు జాలిగల మనిషని విన్నా. మంచిదే. కాని ముందు మీటరు చూడండి, తర్వాత మనిషిని చూడండి." నాకు కొంచెం బాధేసింది. ఆ మాటకు అర్థం తెలియడానికి ఒక ఇల్లు కావాల్సి వచ్చింది.

కింది పోర్షన్

ఆ ఇల్లు రాజమల్లుది. గోదావరి తీరపు బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరై, వచ్చిన డబ్బుతో కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మొదట కింద ఒక పోర్షన్ కట్టి అందులోనే ఉన్నారు. తర్వాత పైన మరొకటి వేసి, భార్య రాజేశ్వరితో పైకి మారి, కింది పోర్షన్ కిరాయికిచ్చాడు. ఒక్కో పోర్షన్‌కు ఒక్కో మీటరు. రెండూ గేటు పక్క గోడకే ఉన్నాయి.

కింద దిగినవాళ్లు సాయన్న, సుగుణ. బోథ్ దగ్గర పల్లె వాళ్లది. సాయన్న గ్రానైటు కోసే యార్డులో పనిచేసేవాడు. సుగుణ కిటికీ దగ్గర కుట్టు మిషన్ వేసుకుని వీధిలోవాళ్లకు జాకెట్లు కుట్టేది. కొన్నేళ్లు బిల్లులు ఠంచనుగా కట్టారు. తర్వాత రాతి దుమ్ము సాయన్న ఊపిరితిత్తులను పట్టుకుంది.

నేను సుగుణను మొదట చూసింది మా సెక్షన్ ఆఫీసులో. కౌంటరు దగ్గరికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి, "అన్నా, రేపు మా గల్లీల కరెంటు పోతదా?" అని అడిగింది.

"ఎందుకమ్మా?"

"మా ఆయన ఆక్సిజన్ మిషన్ మీదున్నడు. కరెంటు పోతే మిషన్ ఆగుతది. సిలిండర్ తెచ్చి పెట్టాలె. సిలిండర్‌కు ఆటో మాట్లాడాలె, ఆటో ఆయన పొద్దుగాల దొరకడు. జర ముందుగల చెప్తే చాలు. మీ పని ఆపుమని నేను అంటలేను."

కొమ్మలు కొట్టడానికో, తీగలు బిగించడానికో మేము కరెంటు ఆపాలంటే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి. దాన్నే లైన్ క్లియర్ అంటాం. ఆ రోజు నుంచి ఆ గల్లీకి లైన్ క్లియర్ అడగాలంటే ముందు సుగుణకు ఫోన్ చేసేవాణ్ణి. "సిలిండర్ పెట్టిన అన్నా" అని ఆమె చెప్పాకే సబ్‌స్టేషన్‌కు చేసేవాణ్ణి. నా ఫోన్ పోయినా నంబరు పోకూడదని హెల్మెట్ లోపలి వైపు మార్కర్‌తో రాసుకున్నాను. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. మీ గల్లీల్లో అలాంటి ఇల్లు ఉందేమో కనుక్కోండి, తప్పకుండా ఉంటుంది.

ఎప్పుడూ ఆగని ఆ యంత్రం వల్ల బిల్లు పెరిగింది. సుగుణ ప్రతి నెలా వచ్చి కొంత కట్టేది, పూర్తిగా కట్టలేకపోయేది. మేడం వాయిదాలు ఇచ్చింది. రాజమల్లు కూడా ఆ రోజుల్లో ఒక్క మాట అనలేదు. ఒకసారి గేటు దగ్గర నాతో అన్నాడు: "గా మిషన్ చప్పుడు పైకి వినవస్తది దేవదానం. మొదట నిద్ర పట్టకపోయేది. ఇప్పుడైతే చప్పుడు ఆగితే భయమైతది."

శవం రాని ఇల్లు

ఒకరోజు ఆ గల్లీలో కొమ్మలు కొట్టాల్సి ఉండి ఎప్పటిలాగే సుగుణకు ఫోన్ చేశాను. వెనక బండి ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"ఇంక మాకు చెప్పే పని లేదన్నా" అంది. "ఎప్పుడన్న తీసుకోండ్రి కరెంటు."

సాయన్న ఆసుపత్రిలో పోయాడు. శవాన్ని ఇంటికి తేవద్దని రాజమల్లు, రాజేశ్వరి చెప్పారు. పై పోర్షన్‌లో వాళ్ల బిడ్డ పురుటికి వచ్చి ఉంది. సుగుణ ఆసుపత్రి గేటు నుంచే అంబులెన్సులో ఊరికి తీసుకుపోయింది. నేను ఫోన్ చేసినప్పుడు వాళ్లు నిర్మల్ దాటుతున్నారు.

కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వకపోవడం మన దగ్గర అందరికీ తెలిసిందే. ఎవరూ దాచరు, ఎవరూ మాట్లాడరు. ఇది హిందువుల ఆచారమని మా సంఘంవాళ్లు తేలిగ్గా అంటుంటారు. నేను ఒప్పుకోను. పునరుత్థానం గురించి ఆదివారం చేతులెత్తి పాడి, కింది పోర్షన్‌లో కిరాయికున్న మనిషి చనిపోతే గేటుకు తాళం వేసిన విశ్వాసులు నాకు తెలుసు. భయం అందరి ఇంట్లోనూ ఒకటే. రాజమల్లును తప్పు పట్టే ముందు నేను అది గుర్తు చేసుకుంటాను.

పదకొండో రోజు దినాలు ముగిశాక సుగుణ ఇల్లు ఖాళీ చేయడానికి ట్రాలీ ఆటో తీసుకుని వచ్చింది. గిన్నెలు, మంచం, పరుపులు ఎక్కించింది. కుట్టు మిషన్ దగ్గరికి వచ్చేసరికి రాజేశ్వరి అడ్డం నిలబడింది.

"కరెంటు బిల్లు గంతున్నది. కట్టి మిషన్ తీస్కపో సుగుణా. మేం ఎక్కడికెల్లి కట్టాలె?"

సుగుణ వాదించలేదు. ఆ రోజు వాదించే శక్తి లేదని తర్వాత నాతో చెప్పింది. మిషన్ లోపలే ఉండిపోయింది. సాయన్న పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆ పోర్షన్ మూడు నెలలు మూసి ఉంచాలని వాళ్ల పంతులు చెప్పాడు. రాజమల్లు తాళం వేశాడు.

దానం వద్దన్న మనిషి

బడులు తెరిచే రోజులు దగ్గరపడుతుండగా సుగుణ దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, మా మహిళా గ్రూపుకు బడిపిల్లల డ్రెస్సులు కుట్టే పని వచ్చింది. సొంత మిషన్ ఉన్నోళ్లకే బట్ట ఇస్తరట. గీ వారంల పేరు చెప్పాలె. రాజమల్లు కాకకు జర చెప్తవా? బిల్లు నేను ఎగ్గొట్ట. మిషన్ ఇస్తే కుట్టి కడ్త."

మిషన్ ఉంటేనే డబ్బు వస్తుంది, డబ్బు కడితేనే మిషన్ వస్తుంది. నేను రాజమల్లు దగ్గరికి వెళ్లాను. అప్పటికి బిల్లు ఇంకా పెరిగి, ఫ్యూజు తీయాల్సిన వాటిలో ఆ మీటరు కూడా చేరింది.

"కాల్చింది వాళ్లు. నువ్వు నన్ను అడుగుతున్నవ్" అన్నాడు రాజమల్లు. "ఆమె కట్టకుంటే మిషన్ అమ్మి కడ్త. నేను మాత్రం ఏం చెయ్యాలె?"

"అమ్మకు రాజమల్లన్నా. ఒక వారం ఆగు."

"వారమే" అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

నా భార్య మార్తమ్మకు చెప్పాను. ఆమె మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. రెండు రోజుల్లో చందా పోగుచేసింది. బోథ్‌లో ఉపవాస కూటాలు ఉండటంతో ఇద్దరం వెళ్లాం, కూటం అయ్యాక సుగుణ ఊరికి పోయాం. దేవుడు మా చేత ఒక మంచి పని చేయిస్తున్నాడని నేను దారంతా స్తోత్రం చెల్లిస్తూనే ఉన్నాను.

సుగుణ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మార్తమ్మ కవరు ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తెరవకుండానే మార్తమ్మ ఒళ్లో తిరిగి పెట్టేసింది.

"ఏమనుకోకు వదినా. మీ ప్రేమకు దండం. నా మనిషి ఊపిరికి కాలిన కరెంటు గది. గది ఇంకొకలను కట్టనియ్య. ఆయనకు నేను చేసే పని గదొక్కటే మిగిలింది."

మార్తమ్మ కవరు తీసి సంచిలో పెట్టుకుంది. నేనేదో చెప్పబోయాను. సుగుణ నా వైపు తిరిగింది.

"కని అన్నా, ఒక్కటి అడుగుత. నేను ఇల్లు ఖాళీ చేసి వచ్చినంక కూడ బిల్లు వస్తున్నదట. గదీ నా మీదనే ఏస్తున్నరు. ఫ్యాను లేదు, బల్బు లేదు, మనిషి లేడు. తాళమేసిన ఇంట్ల కరెంటు ఎవలు కాల్చిండ్రు?"

"మనిషి లేకపోయినా కనీస చార్జీ పడుతుందమ్మా" అన్నాను. అది నిజమే. కాని నేను రాజమల్లు గోడ మీది మీటరు అంకెలను సరిగ్గా చూడకుండానే ఆ మాట అన్నానని, ఆమె ముఖం చూశాక అర్థమైంది. మేము ఆమెకు దానం తీసుకుపోయాం. ఆమె అడిగింది వేరే.

ఆగిన మోటరు

మర్నాడు మేడంకు సంగతంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "ఫ్యూజు తీయాల్సిందే, అది తప్పదు. తీసేముందు మీటరు చూశారా?" అంది. లేదన్నాను. "మరి చూసి తీయండి" అంది, అంతే.

నేను వెళ్లేసరికి పొద్దు బాగా ఎక్కింది. కింది పోర్షన్ తలుపుకు తాళం అలాగే ఉంది. తాళం కప్ప మీద పసుపు బొట్టు ఎండిపోయి ఉంది. గేటు పక్కన మీటర్లు చూశాను. కరెంటు వాడుతుంటే మీటరులో చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది, ఎక్కువ వాడితే గబగబా కొట్టుకుంటుంది. పై పోర్షన్ మీటరు దీపం నింపాదిగా మిణుకుమంటోంది. తాళం వేసిన పోర్షన్ మీటరు దీపం ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది.

లోపల ఏదో తీగ తేమ తగిలి కరెంటు కారుతోందేమో అనుకున్నాను. ఏదైనా సరే, చేయాల్సిన పని చేశాను. ఫ్యూజు తీశాను.

పైనుంచి రాజేశ్వరి కేక వినిపించింది. "ఏమయ్యా, మోటరు ఆగింది. కరెంటు పోయిందా?"

లోపలినుంచి రాజమల్లు గొంతు. "ఏడ పోయింది? ఫ్యాను తిరుగుతనే ఉన్నది."

"మరి మోటరెందుకు ఆగుతది? ట్యాంకు సగం కూడ నిండలే."

నేను ఫ్యూజు చేతిలో పట్టుకుని పైకి చూశాను. రాజేశ్వరి పిట్టగోడ మీదినుంచి కిందికి చూస్తోంది. ఫ్యూజు మళ్లీ పెట్టాను. ఇంటి వెనక బోరు మోటరు గుర్రుమంది.

"వచ్చింది" అంది రాజేశ్వరి.

తీశాను.

"మల్ల పోయింది. ఏం ఆటలాడుతున్నవయ్యా కింద?"

రాజమల్లు మెట్లు దిగి వచ్చాడు. నా చేతిలో ఉన్న ఫ్యూజునూ, అది ఏ మీటరుదో అదీ చూశాడు. గనిలో పనిచేసిన మనిషి, యంత్రాల మధ్య బతికినవాడు. అతనికి నేను చెప్పాల్సింది లేదు.

"మల్ల పెట్టు" అన్నాడు.

పెట్టాను. మోటరు మోగింది.

"తీయి."

తీశాను. ఆగింది. రాజమల్లు మెట్టు మీద కూర్చున్నాడు.

"మేం కింద ఉన్నప్పుడు బోరు ఏసినం" అన్నాడు. "స్టార్టర్ కిందనే పెట్టిండు వైరింగాయన. కింది మీటరుకే కలిపిండు. అప్పుడు గదొక్కటే మీటరు. పైకి పోయినప్పుడు నేను మరిచిన. మీదాక స్విచ్చి గుంజుకున్న గాని, కరెంటు ఏడికెల్లి వస్తున్నదో చూడలే."

రాజేశ్వరి కూడా దిగి వచ్చింది. విషయం అర్థం కావడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటే నా బిడ్డ పురుటి నీళ్లు, పసిపోరడి బట్టలు ఉతికిన నీళ్లు... అన్నీ సుగుణ బిల్లులనేనా?"

"గవ్వే కాదు" అన్నాడు రాజమల్లు. "ఆమె కిరాయికున్నన్నేండ్లు మనం తాగిన నీళ్లు."

ఎవరూ మోసం చేయలేదు. రెండు పోర్షన్ల ఇళ్లలో ఈ పొరపాటు నేను తర్వాత ఎన్నోచోట్ల చూశాను. పైకి మారేటప్పుడు యజమాని మంచాలు మారుస్తాడు, బీరువా మారుస్తాడు, బోరు మోటరు తీగ మార్చడు. కింద దిగినవాళ్లు కొత్తవాళ్లు, ఇల్లుగలవాళ్లను అడగడానికి మొహమాటం. నెలనెలా మీటరు చూసి బిల్లు ఇచ్చే మనిషి తాళం చూడడు. అందుకే ఇల్లు ఖాళీ చేసే రోజున యజమాని, కిరాయిదారు ఇద్దరూ మీటరు ముందు నిలబడి అంకెలను ఫోనులో ఫోటో తీసుకోవాలని, ఒక్కొక్క స్విచ్చీ ఆపి ఏ మీటరు ఆగుతుందో చూసుకోవాలని నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను. పనిలో చేరిన పిల్లలూ, ఇది మీరూ చెప్పండి.

మేడం వచ్చి చూసి, మోటరు తీగను పై మీటరుకు మార్పించమంది. బాకీ గురించి మెత్తగా మాట్లాడలేదు. "శాఖకు ఇదంతా మీరే కట్టాలి రాజమల్లు గారూ, సర్వీసు మీ పేరున ఉంది. అందులో ఆమెది ఎంత, మీది ఎంత అనేది మీ ఇద్దరి మధ్య." వెళ్తూ వెళ్తూ ఆగి, "ఆ కుట్టు మిషన్ మాత్రం ఏ బిల్లు కిందికీ రాదు" అంది.

రాజమల్లు తలుపు దగ్గరికి పోయి తాళం పట్టుకున్నాడు.

"పంతులు చెప్పిన మూడు నెలలు ఇంక కాలే" అంది రాజేశ్వరి, నెమ్మదిగానే.

"కరెంటు రోజు లోపలికి పోయి వస్తనే ఉన్నది. మనం పోతే ఏమైతది?"

తలుపు తీశాడు. మిషన్ కిటికీ దగ్గర ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది. సూది కింద ఏదో జాకెట్టు చేతి ముక్క ఇంకా అలాగే ఉంది, సగం కుట్టు పడింది. రాజేశ్వరి లోపలికి పోయి తన చెంగుతో మిషన్ తుడిచింది. ఆ ముక్కను మాత్రం తీయలేదు.

రాజమల్లు గడప దగ్గరే నిలబడి నాతో అన్నాడు: "బొగ్గు బాయిల పనిచేసినోన్ని. దుమ్ము మనిషిని ఏం చేస్తదో నాకు ఎరుక లేదా? నా జోడీగాళ్లు గట్లనే పోయిండ్రు. పై నుంచి గా ఆక్సిజన్ మిషన్ చప్పుడు వినుకుంట నా ఛాతి మీద చెయ్యేసి చూసుకునేటోన్ని. గసొంటి మనిషిని గేటు కాడికి రానియ్యకపోతిమి." తాళం కప్పను జేబులో వేసుకున్నాడు. "బిల్లు అడుగుడు సులువుగున్నది దేవదానం. గది అడిగినన్ని రోజులు ఇంకోటి యాదికి రాదు."

గడప

మిషన్ నేనే పంపిస్తానంటే రాజమల్లు ఒప్పుకోలేదు. ఇద్దరం బస్సులో నిర్మల్ దాకా, అక్కడినుంచి ఇంకో బస్సులో బోథ్ దాకా పోయాం. మిషన్‌కు సామాను టికెట్టు కొట్టిన కండక్టరు, రాజమల్లు దాన్ని కిటికీ పక్క సీటులో ఆనించి తాను నిలబడటం చూసి నవ్వాడు.

"కాకా, మిషన్‌కు గాలి తగలాలెనా ఏంది?"

"తగలాలె బిడ్డా. ఇన్ని రోజులు తాళంల ఉన్నది."

బోథ్‌లో ట్రాలీ ఆటో మాట్లాడుకుని సుగుణ ఊరికి చేరాం. ఆమె వాకిట్లో ఉంది. ఆటోలో మిషన్ చూసి లేచి నిలబడింది, దగ్గరికి రాలేదు. ఆటో ఆయన, నేను, రాజమల్లు కలిసి దింపాం. ఆటో వెళ్లిపోయింది. రాజమల్లు మిషన్ ఒక చివర పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు.

"సుగుణా, మోటరు కరెంటు నీ మీద పడ్డది. ఇన్నేండ్లు పడ్డది. తప్పు మాదే" అన్నాడు. ఆ తర్వాత చెప్పాల్సినది ఏదో ఉందని అందరికీ తెలుసు. అది అతని నోట రాలేదు.

"లోపలికి రా కాకా" అంది సుగుణ.

"నేను ఈడనే ఉంట బిడ్డా. నీ మనిషిని నా గడప తొక్కనియ్యలే. నీ గడప ఎట్ల తొక్కాలె?"

సుగుణ గేటు దాకా నడిచింది. వచ్చి మిషన్‌కు రెండో చివర పట్టుకుంది.

"గేటు కాడ పెట్టిపోతే నేనొక్కదాన్ని ఎట్ల మోసుకపోవాలె? బరువున్నది. పట్టు."

రాజమల్లు చెప్పులు విడిచాడు. ఇద్దరూ కలిసి మిషన్ ఎత్తారు. గుమ్మం తక్కువ ఎత్తు, అతను పొడుగు మనిషి. బాగా వంగి లోపలికి పోయాడు. నేను బయట నిలబడి కళ్లు మూసుకున్నాను. ఆ రోజు నా నోట ప్రార్థన మాటలేమీ రాలేదు, అయినా దేవుడికి వినిపించిందనే నమ్ముతాను.

లోపల బాకీ మాట వచ్చింది. మొత్తం నేనే కడతానన్నాడు రాజమల్లు. సుగుణ వినలేదు. మోటరుది ఆయన కట్టాలి, ఆక్సిజన్ మిషన్‌ది తాను కట్టాలి. అంతకంటే ఒక్క పైసా అటూ ఇటూ వద్దంది. "గది ఆయన ఊపిరిది కాకా. గది నాకిడిసిపెట్టు" అంది. రాజమల్లు తలూపాడు. ఆయన ఆ డబ్బు తీసుకోవడానికి ఒప్పుకోవడమే ఆ రోజు ఆమెకు ఇచ్చిన మర్యాద. మా స్త్రీల సమాజం చందా కూడా అందుకే ఆమె దగ్గర చెల్లలేదు. బాకీలు వదలమని మనం చేసే ప్రార్థన నేను ఇంకా చేస్తూనే ఉన్నాను, పూర్తి విశ్వాసంతోనే చేస్తున్నాను. కాని వదిలేముందు ఆ బాకీ ఎవరిదో, అందులో ఏముందో చూడాలని ఆ ఇద్దరూ నాకు నేర్పారు.

రాజమల్లు శాఖకు బిల్లు మొత్తం కట్టాడు. తన వంతు డబ్బు సుగుణ డ్రెస్సులు కుట్టి నెలనెలా ఆయనకు పంపింది. కింది పోర్షన్‌లో వేరేవాళ్లు దిగారు. దిగిన రోజు రాజమల్లు వాళ్లను మీటరు ముందు నిలబెట్టి, మోటరు స్విచ్చి వేసి, ఏ దీపం కొట్టుకుంటుందో చూపించాడట.

నేను దిగిపోవడానికి కొన్నాళ్ల ముందు, హెల్మెట్ అప్పగించడానికి తుడుస్తుంటే ఫోన్ మోగింది. తెర మీది నంబరును చూడగానే గుర్తుపట్టాను. అది హెల్మెట్ లోపల నా కళ్ల ముందే ఉంది.

"అన్నా, బాగున్నవా? వదిన బాగున్నదా?" అంది సుగుణ. "మిషన్‌కు చిన్న మోటరు పెట్టించిన. కాలు నొస్తలేదు ఇప్పుడు. ఎల్లుండికి బడి డ్రెస్సులు ఒప్పజెప్పాలె. రేపు మా దిక్కు కరెంటు పోతదా?"

ఆ ఊరు నా సెక్షన్ కాదు. ఆగమ్మా అని, బోథ్‌లో పనిచేసే లైన్‌మన్‌కు ఫోన్ చేసి కనుక్కుని, మళ్లీ ఆమెకు చేశాను.

"పోదు చెల్లే, కుట్టుకో" అన్నాను.